మూత నొక్కకండి, అదే నొక్కుకుంటుంది

పోయిన నెల ఇదే పేజీలో, మూలన పడున్న, పిండి పోసి మూత వేస్తే గళ్లగళ్ల అట్టు కాల్చే వాఫిల్ మేకర్‌లో చీజ్ శాండ్‌విచ్ కాల్చుకోవచ్చని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఎలాగో రాయలేదు, తప్పు నాదే. ఇన్ని ఇళ్లలో ఆ యంత్రం అటకెక్కి కూర్చుందని నాకేం తెలుసు! ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: పిల్లలు గొడవ చేస్తే వాఫిల్ మేకర్ కొన్నాం. రెండుసార్లు వాఫిల్స్ వేశాను, తర్వాత దాని ముఖం చూడలేదు. మీరు రాశారు కదా అని మొన్న బ్రెడ్‌లో చీజ్ పెట్టి కాల్చాను. బయట నల్లగా మాడింది, లోపల చీజ్ కరగలేదు, కరిగిన కాస్తా పక్కల నుంచి కారి కౌంటర్ మీదకొచ్చింది. ఎక్కడ తప్పు చేశాను? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: మీరు మూత గట్టిగా నొక్కి, గొళ్లెం కూడా పెట్టేసి ఉంటారు. అవునా? అందరూ అదే చేస్తారు, మొదటిసారి నేనూ అదే చేశాను. పిండి పోసినప్పుడు నొక్కినా ఏం కాదు, పిండి గళ్లలోకి సర్దుకుంటుంది. బ్రెడ్ అలా సర్దుకోదు. నొక్కగానే గట్లు ఉన్నచోట అణిగిపోతుంది, లోపలి చీజ్ ఇంకా కరగలేదు కాబట్టి ముక్కగానే పక్కకి జరుగుతుంది, కరిగేసరికి అంచు దాకా వచ్చి ఉంటుంది, ఇక కారక ఏం చేస్తుంది.

నేను చేసే పద్ధతి చెప్తాను. చీజ్‌ని ఫ్రిజ్‌లోంచి ఓ పావుగంట ముందే బయట పెట్టండి. ఇది మాత్రం మానకండి, మీకు లోపల కరగకపోవడానికి సగం కారణం ఆ చల్లదనమే. మిషన్ ఆన్ చేసి, లైటు మారేదాకా ఖాళీగానే వేడెక్కనివ్వండి. ఈలోపు బ్రెడ్‌కి బయటివైపు మెత్తబడిన వెన్న పల్చగా రాయండి, కరిగించి పోయొద్దు, పోస్తే బ్రెడ్ పీల్చేసుకుని నానిపోతుంది. లోపల ఒక చీజ్ స్లైసు, దాని మీద తురిమిన మోజరెల్లా చీజ్ ఒక పెద్ద చెంచా, అంతే. ఇంకాస్త వేద్దామనిపిస్తుంది, వేయకండి. చుట్టూ చిటికెన వేలంత అంచు ఖాళీగా వదలాలి. స్లైసు బ్రెడ్ అంత ఉంటే నాలుగు ముక్కలుగా తుంచి మధ్యలోకి పేర్చండి.

ఇప్పుడు శాండ్‌విచ్ పెట్టి, మూత దించి వదిలేయండి. అది పూర్తిగా పడదు, ఓ అంగుళం నోరు తెరుచుకునే ఉంటుంది, ఉండనివ్వండి. ఒకటి ఒకటిన్నర నిమిషంలో బ్రెడ్ మెత్తబడి మూత బరువుకి తనంతట తనే కిందకి దిగుతుంది. అప్పుడు ఒక్కసారి, అరచేత్తో, పసిపిల్ల వీపు తట్టినంత బలంతో నొక్కండి చాలు. ఇంకో మూడు నాలుగు నిమిషాలు. టైమ్ కంటే ఆవిరిని చూడండి, పక్కల నుంచి బాగా వస్తున్న ఆవిరి సన్నబడిందంటే అయిపోయినట్టే. తీశాక రెండు నిమిషాలు ఆగి కోయండి, ఆగకపోతే చీజ్ అంతా కత్తికే.

నల్లగా మాడటానికి ఇంకో కారణం మీరు వాడిన బ్రెడ్ కావచ్చు. మిల్క్ బ్రెడ్, స్వీట్ బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ, తొందరగా రంగు తిరుగుతుంది. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ వాడండి, నిన్నటిదైతే ఇంకా మంచిది, కాస్త ఆరి ఉంటుంది కాబట్టి నలగదు. వేడి తగ్గించే బటన్ మీ మిషన్‌కి ఉంటే మధ్యలో పెట్టండి. లేకపోతే (మన బజార్లో తక్కువ ధరలో దొరికేవాటికి చాలావాటికి ఉండదు) వేడెక్కాక స్విచ్ ఆపేసి, శాండ్‌విచ్ పెట్టి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ వేయండి. ఇది ఎవరూ చెప్పలేదు, రెండు బ్రెడ్ ప్యాకెట్లు తగలేశాక నాకే తెలిసింది.

ప్రశ్న: మా ఇంట్లో చీజ్ ఎవరూ తినరు, పన్నీరు పెట్టి చేస్తే ఎంతసేపు ఉంచినా కరగడం లేదు. మిషన్ వేడి చాలడం లేదా? (విజయవాడ)

జవాబు: మిషన్‌ని ఏమీ అనకండి. పన్నీరు కరగదమ్మా, పొయ్యి మీద గంట పెట్టినా కరగదు, ఎండిపోయి రబ్బరవుతుంది. పాలు కాచి నిమ్మరసమో వెనిగరో వేసి విరగ్గొడతాం కదా, ఆ పులుపుకి పాలలోని కాల్షియం చాలావరకు నీళ్లలోకి పోతుంది, మిగిలిన ప్రోటీన్ ఒకదానికొకటి గట్టిగా పెనవేసుకుంటుంది. వేడి తగిలితే అది విడిపోదు, లోపలి నీళ్లు మాత్రం వదులుతుంది. అందుకే పన్నీరు ముక్కల్ని నూనెలో వేయించినా ఆకారం చెడదు. కూరలో అదే దాని గొప్ప, ఇక్కడ అదే ఇబ్బంది.

చీజ్ తినరు అన్నది రుచి నచ్చకా, లేక అందులో ఏం కలుస్తుందోనన్న అనుమానంతోనా? అనుమానమే అయితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనుక్కోవచ్చు. పాలు తోడుకోవడానికి వాడే రెన్నెట్ వెనకటికి దూడ పొట్టలోంచి తీసేవాళ్లు, ఇప్పుడు మన దేశంలో ఆకుపచ్చ చుక్కతో అమ్మే చీజ్‌లో ఆ దూడ రెన్నెట్ ఉండదు. రుచే నచ్చకపోతే మాత్రం బలవంతం లేదు, పన్నీరు చిదిమి, ఉప్పు, మిరియాలు, కొత్తిమీర కలిపి అదే మిషన్‌లో కాల్చుకోండి. బాగుంటుంది, సాగదు, అంతే తేడా.

ప్రశ్న: చీజ్ స్లైసులు అసలు చీజే కాదు, కెమికల్ అంటారు మా మరిది. మంచి చెడార్ చీజ్ తెచ్చి చేస్తే నూనె కారి, చీజ్ గింజలు గింజలుగా అయిపోయింది. (హైదరాబాద్)

జవాబు: మీ మరిది మాటలో సగం నిజం ఉంది. దాన్ని ప్రాసెస్డ్ చీజ్ అంటారు. మామూలు చీజ్‌నే తురిమి, సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి, వేడి చేసి పోత పోస్తారు. అమెరికాలో చికాగోలో చీజ్ వ్యాపారం చేసిన జేమ్స్ క్రాఫ్ట్ 1916లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ లవణాల పనల్లా కొవ్వునీ నీళ్లనీ విడిపోకుండా పట్టి ఉంచడం. బాగా మాగబెట్టిన చెడార్‌లో ఆ పట్టు ఉండదు, గట్టి వేడి తగలగానే నూనె ఒకవైపు, ప్రోటీన్ ఒకవైపు. వాఫిల్ మేకర్ వేడేమో గట్టిదే.

అమెరికా వాళ్ల గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ ఇంటింటికీ చేరిందే ఆ ప్రాసెస్డ్ చీజ్‌తో. 1928లో మిస్సోరీ రాష్ట్రంలో చిల్లికోతి అనే ఊళ్లో కోసిన బ్రెడ్ అమ్మకం మొదలైంది, చవక చీజ్ అప్పటికే ఉంది, ఆ వెంటనే 1930లలో అక్కడ ఉద్యోగాలు పోయి జనం అల్లాడిన కాలం వచ్చింది. బ్రెడ్డూ చీజూ కలిపి పెనం మీద కాల్చడం అప్పుడు కడుపు నింపిన తిండి. పక్కన టమాటా సూప్ పెట్టుకుని తింటారు, మనం ఉప్మాలోకి చట్నీ వేసుకున్నట్టు. కాబట్టి స్లైసు వాడినందుకు సిగ్గుపడక్కర్లేదు. చెడార్ రుచి కావాలంటే సగం స్లైసు, సగం తురిమిన చెడార్ వేయండి, స్లైసులోని లవణాలు పక్కదాన్ని కూడా కాస్త పట్టి ఉంచుతాయి. ఉప్పు మాత్రం బాగా ఉంటుంది, ఇంట్లో బీపీ ఉన్నవాళ్లకి రోజూ పెట్టకండి, పైన ఉప్పు వెన్న రాయకండి.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాం. ఇక్కడ వాళ్ల వాఫిల్ మేకర్‌లో రోజూ చీజ్ శాండ్‌విచ్ చేసి పెడుతోంది, మా వారికి తెగ నచ్చింది. కొత్తది కొనిస్తాను, కాకినాడ తీసుకెళ్లమ్మా అంటోంది. ప్లగ్గుకి అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా? (ప్రస్తుతం అమెరికా నుంచి)

జవాబు: వద్దు, వద్దు. సూట్‌కేసులో ఆ చోటుకి పిల్లల చాక్లెట్లు పెట్టుకోండి.

అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ ప్లగ్గు కాళ్లని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. వేడి పుట్టించే వస్తువులు లాగే వాట్లు వోల్టేజీతో పాటు రెట్టింపు కావు, దానికీ మించి పెరుగుతాయి. అక్కడ 1000 వాట్లు లాగే మిషన్ ఇక్కడ పెట్టగానే ఉరామరిగా 3600 వాట్లు లాగాలని చూస్తుంది. ఎంతసేపు బతుకుతుంది? ఫోన్ చార్జర్ బాగానే పనిచేస్తుంది కదా అంటారేమో, దాని మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, వాఫిల్ మేకర్ అడుగున 120 అనే ఉంటుంది, తిరగేసి చూడండి. నేను ఓసారి మా ఆడపడుచు ముచ్చటపడి తెచ్చిన కాఫీ మేకర్‌ని మామూలుగా ప్లగ్గులో పెట్టేశాను. ఠప్ మని ఒక్క శబ్దం, కాలిన వాసన, ఇల్లంతా చీకటి. ఆవిడ ఇంకా హాల్లోనే కూర్చుని ఉంది, కాఫీ ఎలా ఉందో అడగడానికి!

వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ వేడి పుట్టించే వస్తువుకి సరిపోయేది 1500 వాట్లదైనా కావాలి, అది ఇటుకల మూటంత బరువు, దాని ఖర్చుకి ఇక్కడ కొత్త వాఫిల్ మేకరే వస్తుంది. అమ్మాయిని ఆ డబ్బుతో మీరు దిగాక ఇక్కడ ఆర్డర్ పెట్టమనండి. కొనేటప్పుడు గళ్లు లోతు తక్కువగా ఉన్నది చూసుకోండి. బెల్జియన్ అని అమ్మేవాటికి గళ్లు లోతుగా ఉంటాయి, వాఫిల్‌కి అది అందమే, బ్రెడ్‌ని మాత్రం కోసేస్తాయి. పువ్వులా ఐదు హార్టులు కలిసి ఉండే పల్చటిది శాండ్‌విచ్‌కి బాగా పనికొస్తుంది. నాలుగంగుళాల చిన్నదైతే బ్రెడ్ మూలలు బయటికొస్తాయి, గిన్నె బోర్లించి గుండ్రంగా కోసుకోవాలి. ఆ అంచులు పారేయకండి, ఎండబెట్టి మిక్సీ వేస్తే కట్‌లెట్లకి పొడి.

ప్రశ్న: ఆంటీ, నేను యూఎస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. డైనింగ్ హాల్లో తిప్పే వాఫిల్ మేకర్ ఉంది. అందులో చేసుకోవచ్చా? రూమ్‌లో ఒకటి కొని పెట్టుకుంటే? (పేరు వద్దన్నాడు)

జవాబు: డైనింగ్ హాల్లో చేసుకో నాన్నా, అక్కడి పిల్లలు చేసేదే అది. అవి లోతు గళ్లవి కాబట్టి రెండు బ్రెడ్ ముక్కలకంటే మందం పెట్టకు, తిప్పడం అసలొద్దు, చీజ్ జారుతుంది. నీ వెనక వాఫిల్ కోసం ఎవరైనా నిలబడి ఉంటే మాత్రం వాళ్లని ముందు వేసుకోనివ్వు, చీజ్ కారిన పెనంలో పిండి పోయాల్సి వస్తే ఎవరికైనా మండుతుంది. రూమ్ సంగతి నీ హాస్టల్ రూల్స్ చదివి చూసుకో, వేడి పుట్టించే వస్తువుల్ని చాలాచోట్ల ఒప్పుకోరు, పొగ అలారం మోగితే అర్ధరాత్రి బిల్డింగ్ అంతా నీ వల్ల రోడ్డు మీద నిలబడుతుంది. శాకాహారివైతే అక్కడ ఆకుపచ్చ చుక్క ఉండదు, చీజ్ లేబుల్ మీద ఊరికే ఎంజైమ్స్ అని ఉంటే అది దూడ రెన్నెట్ కూడా కావచ్చు, మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అనో వెజిటేరియన్ అనో ఉన్నది చూసుకో. అసలైన పర్మెజాన్ చీజ్, అంటే ఇటలీ పర్మిజానో రెజ్జానో, దూడ రెన్నెట్‌తోనే చేయాలన్నది వాళ్ల నియమం.

ప్రశ్న: వీడియోల్లో బ్రెడ్‌కి వెన్న బదులు మయోనైజ్ రాస్తున్నారు. మన దగ్గర మయోనైజ్ బ్యాన్ చేశారు కదా? (కరీంనగర్)

జవాబు: తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని, అది తిని జనం ఆస్పత్రుల పాలయ్యారన్న ఫిర్యాదులొచ్చాక. గుడ్డు లేనిది, వెజ్ మయోనైజ్ అని అమ్మేది, వేరు. రాయడం వెనక కారణం ఉంది. అందులో ఎక్కువ భాగం నూనే, ఫ్రిజ్‌లోంచి తీసినా సులువుగా పరుచుకుంటుంది, వెన్నలోని పాల ముద్ద మాడినట్టు మాడదు, రంగు సమానంగా వస్తుంది. నాకైతే ఆ పులుపు వాసన పడదు. నెయ్యి రాయండి, నెయ్యిలోనూ పాల ముద్ద ఉండదు కదా, కాచి తీసేస్తాం. గళ్లు కరకరలాడతాయి, వాసనకి పక్కింటివాళ్లు కూడా వస్తారు.

ప్రశ్న: పెనం ఉండగా ఇదంతా ఎందుకండీ? (మగవాళ్లు ముగ్గురు అడిగారు, మూడు ఊళ్ల నుంచి)

జవాబు: పెనం ఉంటే కొనక్కర్లేదు. ఇంట్లో పడుంటే వాడండి అన్నాను, కొనమన్లేదు. తిప్పే పని లేదు, రెండువైపులా ఒకేసారి కాలుతుంది, పదేళ్ల పిల్లలు కూడా పక్కన పెద్దవాళ్లుంటే చేసుకోగలరు. గట్టు తగిలినచోట కరకర, గుంట ఉన్నచోట మెత్తన, ఆ రెండూ ఒకే ముద్దలో పెనం మీద రావు. కరెంటు భయం అక్కర్లేదు, 1000 వాట్ల మిషన్ పది నిమిషాలు వేస్తే యూనిట్‌లో ఆరో వంతు. పెనం మీద చేసేదానికంటే రుచి గొప్పదా అంటే, కాదు. నిదానంగా సన్నసెగ మీద పెనంలో కాల్చినదానికి చీజ్ బాగా కరుగుతుంది, అది ఒప్పుకోవాలి. ఇంకో మాట, ఈ గళ్ల పెనమూ ముందు పొయ్యి మీదే పుట్టింది. 1869 ఆగస్టు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి కొర్నేలియస్ స్వార్ట్‌వౌట్ పేటెంట్ తీసుకున్నది పొయ్యి మీద పెట్టి తిప్పుకునే దానికే, కరెంటు తర్వాతి సంగతి. అమెరికాలో ఇప్పటికీ ఆగస్టు 24న వాఫిల్ డే అంటారు.

ప్రశ్న: లోపల ఆవకాయ పెట్టొచ్చా? (గుంటూరు, ఇంకెక్కడ!)

జవాబు: పెట్టొచ్చు, ముక్క వద్దు, గుజ్జు మాత్రమే, అదీ చెంచా వెనక భాగంతో మరకలా రాయాలి. ఊట నూనె ఎక్కువైతే చీజ్ బ్రెడ్‌కి అతుక్కోదు, రెండు ముక్కలూ చెప్పుల్లా విడివిడిగా వస్తాయి. నాకు ఇంకా నచ్చేది కరివేపాకు పొడి, తడి ఉండదు కాబట్టి ఏ గొడవా లేదు. ఉల్లిపాయ, క్యాప్సికం అయితే ముందు పెనం మీద నీరు పోయేదాకా వేయించుకోవాలి. పచ్చి టమాటా ముక్కలు పెట్టకండి, అందులోని నీళ్లు మరిగి బ్రెడ్‌ని లోపలి నుంచి నానబెడతాయి, టమాటా పచ్చడి పక్కన పెట్టుకుని నంజుకోండి.

ప్రశ్న: కారిన చీజ్ గళ్లలో గట్టిపడింది, పనమ్మాయి స్టీలు పీచుతో తోమేసింది. నల్ల పూత గీతలు పడింది. (విశాఖపట్నం)

జవాబు: గీతలు కొద్దిగా ఉంటే నెయ్యి ఎక్కువ రాసి వాడుకోవచ్చు, పూత పెచ్చులుగా లేస్తుంటే మాత్రం పక్కన పెట్టేయండి. ఇకముందు కారినప్పుడు కంగారుపడి తుడవకండి, ఆ చీజ్‌ని అక్కడే ఎర్రగా కాలనివ్వండి, అప్పడంలా గట్టిపడి చెక్క గరిటెతో తీస్తే ఊడొస్తుంది. మా ఇంట్లో దానికోసం కొట్టుకుంటారు. ఇంకా మిగిలితే ప్లగ్గు తీసేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడిపి పిండిన గుడ్డ లోపల పెట్టి మూత వేసి పది నిమిషాలు వదిలేయండి, నాని వస్తుంది, మూలల్లోకి మెత్తటి పాత టూత్‌బ్రష్. సింకులో ముంచొద్దు. నూనె స్ప్రే డబ్బాలు కూడా కొట్టకండి, అందులో కలిపే లెసిథిన్ కొన్నాళ్లకి జిగురులా పేరుకుపోతుంది, అది చీజ్ కంటే మొండిది.

ప్రశ్న: బాబుకి లంచ్ బాక్సులో పెడితే మధ్యాహ్నానికి మెత్తగా అయిపోయిందని వెనక్కి తెచ్చేస్తున్నాడు. (తిరుపతి)

జవాబు: వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత వేస్తున్నారు, ఆవిరి అంతా మళ్లీ బ్రెడ్‌లోకే వెళ్తోంది. పుల్కాలు కాల్చే జాలీ ఉంటుంది కదా, దాని మీద పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి, పళ్లెంలో పెడితే అడుగు నానుతుంది. తర్వాత ఫాయిల్ కాకుండా బటర్ పేపర్లో చుట్టి పెట్టండి. ఎంత చేసినా పొద్దున్నలా ఉండదు, చల్లారిన చీజ్ బిగుసుకుంటుంది. నన్నడిగితే బాక్సులోకి పులిహోరో పెరుగన్నమో పెట్టి, బాబు సాయంత్రం స్కూల్ నుంచి వచ్చేసరికి ఈ శాండ్‌విచ్ కోసం మిషన్ ఆన్ చేసి ఉంచండి, బూట్లు విప్పి చేతులు కడుక్కునేలోపు అయిపోతుంది.